చెవి కుట్టించుకున్నాక ఏం రాయాలి? రెండు వేల ఏళ్ల కథ

ఈసారి యుద్ధాలు లేవు, రాజులు లేరు. ఇవాళ్టి టాపిక్ ఒక చిన్న కన్నం. మీ చెవికో, ముక్కుకో, బొడ్డుకో, కనుబొమ్మకో మీరు డబ్బులిచ్చి మరీ పెట్టించుకునే కన్నం.

కొత్తగా చెవి పైభాగంలో హెలిక్స్ పియర్సింగ్ చేయించుకున్న ఎవరినైనా అడగండి. మొదటి వారంలోనే వాళ్లకి కనీసం మూడు రకాల సలహాలు వచ్చేసి ఉంటాయి. ఇంట్లో అమ్మమ్మ పసుపు, కొబ్బరి నూనె రాయమంటుంది. కుట్టిన షాపులో చిన్న సీసా ఇచ్చి, రోజుకి రెండుసార్లు వేసి కమ్మని తిప్పుతూ ఉండమంటారు. ఫోన్ తెరిస్తే రీల్‌లో ఎవరో అస్సలు ముట్టుకోవద్దు, ఉప్పు నీళ్ల స్ప్రే ఒక్కటే చాలు అంటారు. ఇంకో ఫ్రెండ్ వచ్చి హైడ్రోజన్ పెరాక్సైడ్ వేయి, నురగ వస్తే క్రిములు చచ్చినట్టే అంటాడు.

మరి ఇందులో ఎవరి మాట వినాలి? నేను డాక్టర్‌ని కాదు. నేను చేయగలిగింది ఏంటంటే, ఈ ఒక్కో సలహా ఎక్కడ పుట్టింది, ఎందుకు పుట్టింది, ఏది నిలబడింది, ఏది ఎగిరిపోయింది అని వెతకడం. వెతికితే తెలిసింది ఏంటంటే, ఈ చిన్న కన్నం వెనక ప్లాస్టిక్ సర్జరీ చరిత్ర ఉంది, మొదటి ప్రపంచ యుద్ధం ఉంది, పెన్సిలిన్ కనిపెట్టిన ఫ్లెమింగ్ కూడా ఉన్నాడు.

ముందు ఆ కన్నంలో ఏం జరుగుతుందో చూద్దాం

చెయ్యి కోసుకుంటే రెండు అంచులూ వచ్చి కలుస్తాయి, గాయం మూసుకుంటుంది. పియర్సింగ్‌లో మనం ఆ కలవడాన్నే ఆపుతున్నాం. మధ్యలో ఒక లోహపు కడ్డీ అడ్డంగా పెట్టేశాం. అప్పుడు ఒళ్లు ఏం చేస్తుందంటే, ఆ కడ్డీ చుట్టూ లోపలి గోడకి చర్మం పరుచుకుంటూ వస్తుంది. ముందు వైపు నుంచి కొంత, వెనక వైపు నుంచి కొంత. రెండు వైపులా సొరంగం తవ్వుకుంటూ వచ్చి మధ్యలో కలిసినట్టు. చివరికి సన్నటి చర్మపు గొట్టం ఒకటి తయారవుతుంది. అది పూర్తయ్యాకే పియర్సింగ్ మానినట్టు.

ఇందులో ఒక చిక్కుంది. బయటి అంచులు ముందు మానతాయి, మధ్య భాగం ఆఖర్న మానుతుంది. అందుకే చూడ్డానికి అంతా బాగున్నట్టు ఉంటుంది, లోపల ఇంకా పచ్చిగానే ఉంటుంది. చెవి తమ్మెకి సుమారు 6 నుంచి 8 వారాలు పడుతుంది. చెవి పైభాగానికి, బొడ్డుకి అయితే 6 నెలల నుంచి ఏడాది దాకా పట్టొచ్చు. నెల తిరక్కుండా కమ్మ మార్చేసి, మళ్లీ వాచింది అని బాధపడేవాళ్లందరి కథా ఇదే.

ఈ గొట్టం సంగతి గుర్తుపెట్టుకోండి, ముందు ముందు పనికొస్తుంది.

5,300 ఏళ్ల చెవులు

1991లో ఆస్ట్రియా, ఇటలీ సరిహద్దులో ఆల్ప్స్ మంచులో ఒక మనిషి శవం దొరికింది. పేరు ఓట్జీ అని పెట్టారు. బతికింది సుమారు 5,300 ఏళ్ల కిందట. అతని చెవి తమ్మెలకి కన్నాలున్నాయి, అవి సాగదీసి పెద్దవి చేసినవి. ఈజిప్టులో టుటన్‌ఖామున్ మమ్మీకి కూడా చెవులు కుట్టి ఉన్నాయి, ఆ ఫేమస్ బంగారు మాస్కు చెవులకీ కన్నాలున్నాయి. అంటే కుట్టించుకోవడం చాలా పాతది, మానేదాకా చూసుకోవడం కూడా అంతే పాతది. మానకపోతే సాగదీయలేరు కదా.

మన దగ్గరికి వద్దాం. అమరావతి శిల్పాలు ఫోటోల్లో అయినా చూసే ఉంటారు. ఆడవాళ్లు, మగవాళ్లు, రాజులు, పనివాళ్లు అందరి చెవులకీ బరువైన ఆభరణాలు. న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఒక జత బంగారు కర్ణాభరణాలున్నాయి. క్రీస్తుపూర్వం 1వ శతాబ్దం నాటివి, బహుశా ఆంధ్రప్రదేశ్ ప్రాంతానివి అని మ్యూజియం రాసుకుంది. అవి ఎంత పెద్దవంటే, మామూలు చెవి కన్నంలో పట్టవు. ఏళ్ల తరబడి సాగదీసిన తమ్మెలకి మాత్రమే పెట్టగలరు.

ఇంత బంగారం చెవికి వేలాడదీస్తే ఏమవుతుంది? చెవి తెగుతుంది. మన కథలో అసలు మలుపు అక్కడే ఉంది.

సుశ్రుతుడి 16వ అధ్యాయం

సుశ్రుత సంహిత పేరు వినే ఉంటారు, మన దేశపు పాత శస్త్రచికిత్స గ్రంథం. నేపాల్‌లో దొరికిన దాని తాళపత్ర ప్రతి ఒకటి క్రీస్తుశకం 878 నాటిది. 2013లో యునెస్కో దాన్ని మెమరీ ఆఫ్ ది వరల్డ్ జాబితాలో చేర్చింది. గ్రంథం అంతకంటే చాలా పాతది. అందులో సూత్రస్థానంలో 16వ అధ్యాయం మొత్తం చెవుల గురించే. కుట్టడం ఎలా, తెగితే అతకడం ఎలా అని.

మొదటి మాటే ఆసక్తిగా ఉంటుంది. పిల్లల చెవులు ఎందుకు కుట్టాలి అంటే రెండు కారణాలు చెబుతాడు: రక్షణ కోసం, అలంకారం కోసం. వయసు ఆరో నెల లేదా ఏడో నెల. మంచి రోజు చూసుకుని, బిడ్డని ఒళ్లో కూర్చోబెట్టి, ఆట వస్తువులు చూపించి మాయ చేయమంటాడు. అచ్చం ఇప్పుడు మన ఇళ్లలో మేనమామ ఒళ్లో కూర్చోబెట్టి, చేతిలో ఫోన్ పెట్టినట్టే.

తర్వాత వైద్యుడు ఎడమ చేత్తో చెవి లాగి పట్టుకుని, సూర్యకాంతి దాటి కనిపించే చోటు వెతకాలి. ఆ చోటుకి దైవకృత ఛిద్రం అని పేరు, అంటే దేవుడే పెట్టి ఉంచిన కన్నం. దీన్ని ఇప్పటి మాటల్లో చెప్పాలంటే, వెలుతురు దాటే చోట మాంసం పల్చగా ఉంటుంది, రక్తనాళాలు ఉంటే నీడలా కనిపిస్తాయి. ఇవాళ మంచి పియర్సర్లు కూడా చిన్న లైటు పెట్టి చెవి చూసేది ఇందుకే. పల్చటి తమ్మె అయితే సూది, దళసరిగా ఉంటే ఆర అనే పనిముట్టు. ఒకే పోటులో, నిటారుగా.

రక్తం ఎక్కువ వచ్చినా, నొప్పి ఎక్కువ ఉన్నా తప్పు చోట కుట్టినట్టు లెక్క. చెవిలో కుట్టకూడని మూడు సిరలకి పేర్లు కూడా పెట్టాడు: కాళిక, మర్మరిక, లోహితిక. ఏది తెగితే ఏమవుతుందో జాబితా ఉంది. జ్వరం, మంట, వాపు, గడ్డలు. లోహితికకి దెబ్బ తగిలితే మెడ బిగుసుకుపోవడం, ఒళ్లు విల్లులా వంగే ఈడ్పు వస్తాయట. ఈ లక్షణాలు వింటే మనకి ధనుర్వాతం, అదే టెటనస్ గుర్తుకు రావాలి. ఆయన సిరని తప్పుపట్టాడు. అసలు దోషి ఎవరో తెలియడానికి ఇంకా చాలా శతాబ్దాలు పట్టింది. కానీ చెవి కుడితే ప్రాణం మీదకి రావచ్చు అన్నది మాత్రం చూసి రాసుకున్న విషయం.

ఇక మన టాపిక్, కుట్టాక ఏం చేయాలి. కన్నంలో దూది వత్తి పెట్టాలి. పచ్చి నువ్వుల నూనె వేయాలి. మూడు రోజులకోసారి వత్తి మార్చి, కొంచెం లావుది పెట్టి, మళ్లీ నూనె. చెడు లక్షణాలు కనిపిస్తే వెంటనే వత్తి తీసేయాలి. అతిమధురం, ఆముదం వేరు, మంజిష్ఠ, యవలు, నువ్వులు నూరి, తేనె, నెయ్యి కలిపి పట్టు వేయాలి. పూర్తిగా మానాకే మళ్లీ కుట్టాలి. అన్ని ఇబ్బందులూ పోయాకే సాగదీయడం మొదలుపెట్టాలి.

ఇది చదువుతుంటే నాకు నచ్చింది మందుల జాబితా కాదు. ఆ వరస. ఫలానా లక్షణం ఉంటే ఇది చేయి, లేకపోతే ముందుకెళ్లు, తేడా వస్తే వెనక్కి వచ్చేయ్, మానాక మళ్లీ మొదలుపెట్టు. మా కోడ్‌లో రాసే కండిషన్ల లాగే ఉంది. ఇందులో దేనికీ తొందర లేదు, మానడానికి పట్టే టైముని ఎక్కడా దాటవేయలేదు.

తెగిన చెవి నుంచి కొత్త ముక్కు దాకా

అదే అధ్యాయం రెండో సగం తెగిన తమ్మెల గురించి. వాటిని అతకడానికి 15 పద్ధతులు చెప్పాడు. తమ్మె మొత్తం పోతే, చెంప నుంచి బతికున్న మాంసాన్ని, ఒక వైపు అంటుకుని ఉండగానే లేపి, చెవికి కుట్టమన్నాడు. ఒక వైపు ఎందుకు వదలాలంటే, రక్తం అందుతూ ఉండాలి కాబట్టి. అధ్యాయం చివర్లో ఇదే సూత్రంతో ముక్కు చేయడం చెప్పాడు.

అతికిన చెవికి చెప్పిన పథ్యం కూడా చూడండి. గాయాన్ని రాపిడి చేయకూడదు. పగటి నిద్ర, వ్యాయామం, అతిగా తినడం, సెక్స్, మంట దగ్గర సెగ, ఎక్కువ మాట్లాడటం, ఇవన్నీ మానేయాలి. లిస్టులో మొదటిది రాపిడి చేయవద్దు అన్నది. అంటే కెలక్కండి అని. ఈ ఒక్క మాట మధ్యలో తప్పిపోయి, మళ్లీ ఎప్పుడు తిరిగొచ్చిందో చూద్దాం.

ఈ చికిత్స మన దగ్గర గ్రంథంలోనే ఆగిపోలేదు, చేతి పనిగా బతికింది. 1794లో లండన్‌లో జెంటిల్‌మన్స్ మ్యాగజైన్ ఒక ఉత్తరం అచ్చేసింది. కావస్జీ అనే బండి తోలే మనిషి ఇంగ్లిషు సైన్యంలో పనిచేస్తూ టిప్పు సైన్యానికి దొరికిపోయాడు, అతని ముక్కు కోసేశారు. పూనా దగ్గర ఒక స్థానికుడు నుదుటి చర్మంతో అతనికి కొత్త ముక్కు చేశాడు. ఆ కథనం ప్రభావంతో జోసెఫ్ కార్ప్యూ అనే సర్జన్ ఏళ్ల తరబడి శవాల మీద సాధన చేసి, 1814లో లండన్‌లో మొదటిసారి చేశాడు, 1816లో పుస్తకం వేశాడు. ఆధునిక ప్లాస్టిక్ సర్జరీ ఇక్కణ్ణుంచి పరుగందుకుంది. చెవి తమ్మె మీద చేయి తిరిగిన వాళ్లే ముక్కు దాకా వెళ్లారని అధ్యాయం వరస చూస్తే అర్థమవుతుంది.

చంపేయ్ అనే యుగం

ఇప్పుడు 19వ శతాబ్దం యూరప్‌కి వెళ్దాం. ఆసుపత్రుల్లో ఆపరేషన్ బాగా జరిగినా, గాయం చీము పట్టి జనం చచ్చిపోతున్నారు. గ్లాస్గోలో జోసెఫ్ లిస్టర్ 1865లో విరిగిన కాలుతో వచ్చిన 11 ఏళ్ల పిల్లాడి గాయానికి కార్బాలిక్ యాసిడ్ పెట్టాడు. కాలు దక్కింది. 1867లో లాన్సెట్‌లో రాశాడు. గాయంలో క్రిములుంటాయి, వాటిని చంపాలి. వైద్యంలో ఇంత పెద్ద మలుపు ఇంకోటి లేదనే చెప్పొచ్చు.

1884లో ఆర్థర్ నికొలయర్ అనే జర్మన్ డాక్టర్, మట్టిని జంతువులకి ఎక్కిస్తే టెటనస్ వస్తోందని చూపించాడు. 1889లో కిటసాటో ఆ బ్యాక్టీరియాని విడిగా పెంచగలిగాడు. సుశ్రుతుడు లోహితిక అన్న చోట దాగిన దోషి దొరికాడు. మట్టిలో, పేడలో ఉండే సూక్ష్మజీవి. సిర తెగడం కారణం కాదు, ఆ కన్నం గుండా ఇది లోపలికి వెళ్లడం కారణం.

దీంతో జనాల మైండ్‌లో ఒక సూత్రం స్థిరపడిపోయింది: గాయం అంటే క్రిములు, క్రిములంటే ఘాటైన మందు, మంట పుడితే మందు పనిచేస్తున్నట్టు. ఈ ఆఖరి ముక్క ఇవాళ్టికీ మనని వదల్లేదు. చిన్నప్పుడు మోకాలు గీరుకుంటే స్పిరిట్ పోసి, మండిందా, అయితే మంచిదే అన్నారు కదా. అదే.

తమాషా ఏంటంటే, కార్బాలిక్ యాసిడ్ క్రిముల్నే కాదు, డాక్టర్ల చేతుల్ని కూడా కాల్చేది. ఆపరేషన్ గదంతా ఆ మందు పిచికారీ చేసే పద్ధతిని లిస్టరే 1890 నాటికి వదిలేశాడు.

ఫ్లెమింగ్ గాజు గాయం

1914లో యుద్ధం మొదలైంది. ఫ్రాన్స్‌లో బులోన్ అనే ఊళ్లో ఒక క్యాసినోని ఆసుపత్రిగా మార్చారు. అక్కడి ల్యాబ్‌లో ఆల్మ్‌రాత్ రైట్, ఆయన శిష్యుడు అలెగ్జాండర్ ఫ్లెమింగ్ పనిచేస్తున్నారు. పెన్సిలిన్‌కి ఇంకా పదేళ్ల పైనే ఉంది. గాయాల్లో యాంటీసెప్టిక్‌లు గుమ్మరిస్తున్నా సైనికులు చనిపోతూనే ఉన్నారు. ఎందుకు?

ఫ్లెమింగ్ ఒక సింపుల్ ప్రయోగం చేశాడు. గాజు గొట్టాన్ని వేడిచేసి, దాని గోడల నుంచి ముళ్లలా బోలు కొమ్మలు లాగాడు. అంటే గాజుతో చేసిన గాయం, సందులు గొందులతో సహా. అందులో బ్యాక్టీరియా ఉన్న ద్రవం నింపాడు. పారబోసి, యాంటీసెప్టిక్ నింపాడు. తీసేశాక మళ్లీ చూస్తే బ్యాక్టీరియా మామూలుగా పెరుగుతోంది. ఎందుకంటే మందు ఆ సందుల చివరిదాకా వెళ్లడం లేదు. ఇంకో విషయం కూడా తేలింది. ఆ మందులు బ్యాక్టీరియా కంటే ముందు మన తెల్ల రక్తకణాల్ని దెబ్బతీస్తున్నాయి. దొంగ ఇంట్లోనే ఉన్నాడు, మనం కాపలా వాళ్లని కాల్చేస్తున్నాం అన్నమాట. 1919లో లండన్‌లో ఇచ్చిన ప్రసంగంలో ఫ్లెమింగ్ ఇదంతా వివరించాడు.

మరి ఏం చేయాలి? ఉప్పు నీళ్లతో కడగండి, మిగతాది శరీరం చూసుకుంటుంది అన్నది రైట్ వాదన. ఆయన వాడమన్నది ఇప్పటి సెలైన్ కంటే ఘాటైన ఉప్పు నీళ్లు, అది వేరే చర్చ. కానీ దిశ మారింది. గాయంలో అన్నిటినీ చంపేయడం పక్కన పెట్టి, మానే పని చేస్తున్న కణాల్ని కాపాడుకోవడం గురించి ఆలోచించారు.

ఇప్పుడు నేను గుర్తుపెట్టుకోమన్న గొట్టాన్ని తలుచుకోండి. పియర్సింగ్ అంటే సన్నటి సందు, మధ్యలో పచ్చి గోడ. పైన పెరాక్సైడ్ పోస్తే నురగ వచ్చేది బయట. లోపలికి వెళ్లిన కాస్తా కొత్తగా పరుచుకుంటున్న కణాల్ని కొడుతుంది. ఫ్లెమింగ్ గాజు గాయం మీ చెవిలోనే ఉంది.

దీనికి ఇంకో ముక్క 1962లో కలిసింది. జార్జ్ వింటర్ అనే పరిశోధకుడు పందుల మీద చిన్న గాయాలు చేసి, కొన్నిటిని ఎండనిచ్చాడు, కొన్నిటికి పల్చటి పొర కప్పి తడి ఉంచాడు. తడిగా ఉన్నవాటి మీద కొత్త చర్మం సుమారు రెండింతలు వేగంగా పరుచుకుంది. ఆరబెట్టి చెక్కు కట్టించాలి అన్న పాత నమ్మకం కదిలిపోయింది. నేచర్ పత్రికలో వచ్చిన పేపర్ అది.

లాస్ ఏంజెలిస్‌లో ఒక ఇల్లు

పియర్సింగ్ ఒక వృత్తిగా మారింది అమెరికాలో. 1975లో జిమ్ వార్డ్ అనే ఆయన లాస్ ఏంజెలిస్‌లో తన ఇంటి నుంచే గాంట్లెట్ అనే వ్యాపారం మొదలుపెట్టాడు. 1978లో షాపు తెరిచాడు. మొదట్లో వచ్చింది ఎక్కువగా గే సమాజం నుంచి, పెద్దగా ఎవరికీ తెలియని చిన్న సర్కిల్. 1993లో ఏరోస్మిత్ బ్యాండ్ క్రయిన్ అనే పాట వీడియోలో అలీషియా సిల్వర్‌స్టోన్ బొడ్డు పియర్సింగ్ కనిపించాక అది కాలేజీ పిల్లల ఫ్యాషన్ అయిపోయింది.

అప్పటి కేర్ సలహాలు చూస్తే లిస్టర్ యుగమే కనిపిస్తుంది. అయోడిన్, పెరాక్సైడ్, ఆల్కహాల్, యాంటీబయాటిక్ ఆయింట్‌మెంట్. పైగా కమ్మ అతుక్కుపోకుండా రోజూ తిప్పండి అని. తిప్పితే ఏమవుతుంది? ఎండిన రసి గరుకుగా ఉంటుంది, అది లోపలికి వెళ్లి అప్పుడే పుట్టిన చర్మాన్ని గీకుతుంది. రోజూ కట్టిన గోడని రోజూ పడగొట్టినట్టు.

1994లో పియర్సర్లే కలిసి అసోసియేషన్ ఆఫ్ ప్రొఫెషనల్ పియర్సర్స్ పెట్టుకున్నారు. తమ దగ్గరికి తిరిగొచ్చే చెవుల్ని, బొడ్లని చూస్తూ సలహాలు మార్చుకుంటూ వచ్చారు. ఘాటు మందులు పోయాయి. తిప్పడం పోయింది. కొన్నాళ్లు ఇంట్లో ఉప్పు కలుపుకోమన్నారు, జనం ఉప్పు ఎక్కువేసి చర్మం ఎండగొట్టుకుంటున్నారని దాన్నీ వదిలేశారు. చివరికి మిగిలింది: 0.9 శాతం స్టెరైల్ సెలైన్, శుభ్రమైన చేతులు, ముట్టుకోకపోవడం. రాపిడి చేయవద్దు అన్న 16వ అధ్యాయం మాట ఇంత చుట్టు తిరిగి వచ్చింది.

లోహం సంగతి

ఇంకో సగం కథ కమ్మలో ఉంది. చాలా ఫ్యాన్సీ నగల్లో నికెల్ ఉంటుంది. పచ్చి గాయంలో నికెల్ కరిగి రక్తంలో కలిస్తే, శరీరం దాన్ని శత్రువుగా గుర్తుపెట్టుకోవచ్చు. ఒకసారి గుర్తుపెట్టుకుంటే సాధారణంగా జీవితాంతం. తర్వాత ప్యాంటు బటన్ తగిలినా, వాచీ బకిల్ తగిలినా దురద, దద్దుర్లు. 1994లో యూరోపియన్ యూనియన్ దీని మీద చట్టం తెచ్చింది. మానేదాకా కన్నంలో ఉండే కడ్డీలో నికెల్ 0.05 శాతం మించకూడదని. 2004లో దాన్ని మార్చి, వారానికి ఎంత నికెల్ బయటికి వదులుతుంది అన్నది కొలిచే పద్ధతి పెట్టారు. ఇవాళ మంచి పియర్సర్లు ఇంప్లాంట్ గ్రేడ్ టైటానియం వాడేది ఇందుకే. ఎముకలో పెట్టే స్క్రూల రకం లోహం.

ఇక్కడ మన ఇంటి పెద్దవాళ్లకి మార్కులు వేయాలి. మొదటిసారి కుట్టినప్పుడు సన్నటిదైనా సరే బంగారు తీగే పెట్టించాలి, గిల్టు పెట్టొద్దు అని పట్టుబడతారు చూడండి, నికెల్ పేరు తెలియకపోయినా వాళ్లు చెప్పింది ఇదే.

ఒరెగాన్, 2000

ఇదంతా చిన్న విషయమే కదా అనుకునేవాళ్ల కోసం ఒక కేసు. 2000లో అమెరికాలోని ఒరెగాన్ రాష్ట్రంలో ఒక నగల కియోస్క్‌లో గన్‌తో చెవులు కుట్టారు. 118 మందికి 186 కన్నాలు. వాళ్లలో 7 మందికి సూడోమోనాస్ అనే బ్యాక్టీరియా సోకినట్టు ఖాయమైంది, ఇంకో 18 మంది మీద అనుమానం. ఖాయమైన వాళ్లంతా 10 నుంచి 19 ఏళ్ల పిల్లలు. నలుగురు ఆసుపత్రిలో చేరారు. కొంతమంది చెవి ఆకారమే మారిపోయింది. వాళ్లందరికీ కుట్టింది చెవి పైభాగంలో, మృదులాస్థికి.

బ్యాక్టీరియా ఎక్కడ దొరికిందో తెలుసా? క్రిములు చంపడానికి స్ప్రే చేసే మందు సీసాలో, అక్కడి సింకులో. 2004లో ఆ పరిశోధన అమెరికన్ మెడికల్ అసోసియేషన్ జర్నల్‌లో వచ్చింది.

తమ్మె కంటే పైభాగం ఎందుకంత ప్రమాదం? మృదులాస్థికి సొంత రక్తనాళాలు లేవు. చుట్టూ ఉన్న పల్చటి పొర నుంచే దానికి ఆహారం అందుతుంది. మధ్యలో చీము చేరి ఆ పొర విడిపోతే, మృదులాస్థి చచ్చిపోతుంది, చెవి ముడుచుకుపోతుంది. పోయింది తిరిగి పెరగదు. మామూలుగా రాసే కొన్ని యాంటీబయాటిక్‌లు ఈ బ్యాక్టీరియా మీద పనిచేయవు కూడా. ఆ పిల్లల్లో చాలామందికి మొదట ఇచ్చినవి అలాంటివే. సుశ్రుతుడు వెలుతురు దాటే పల్చటి తమ్మెనే ఎంచుకున్నాడు. హెలిక్స్ కుట్టించుకునే మనం ఆయన హద్దు దాటి వెళ్తున్నాం. వెళ్లొచ్చు, తప్పేం లేదు. కానీ గన్‌తో వద్దు, పారేసే స్టెరైల్ సూదితో చేసేవాళ్ల దగ్గరికే వెళ్లండి.

మరి పసుపు, వేపపుల్ల?

మన ఊళ్లలో ఆంధ్రలో కంసాలి, తెలంగాణలో అవుసలి ఇంటికొచ్చి కుట్టేవాడు. కుట్టాక పసుపు, కొబ్బరి నూనె. కమ్మ లేకపోతే కన్నం పూడకుండా వేపపుల్లో, చీపురుపుల్లో పెట్టేవాళ్లు. ఇందులో మంచీ చెడూ విడదీసి చూద్దాం.

నూనె వెనక ఒక ఆలోచన ఉంది, గాయం ఎండి పగలకుండా మెత్తగా ఉంచడం. నువ్వుల నూనె వత్తికి చుట్టం లాంటిదే. పసుపుకి క్రిముల్ని అడ్డుకునే గుణం కొంత ఉందని ల్యాబుల్లో చూశారు. కానీ పోపుల డబ్బాలో చెంచా పెట్టి తీసే పసుపు స్టెరైల్ కాదు, ఆ పొడి సన్నటి గొట్టంలో ఇరుక్కుపోతుంది. సెలైన్ లేని రోజుల్లో అది ఉన్నవాటిలో మంచి దారి. ఇప్పుడు మెడికల్ షాపులో తక్కువ ధరకే సెలైన్ దొరుకుతుంటే ఆ దారిలో వెళ్లాల్సిన పని లేదు.

చీపురుపుల్ల మాత్రం వద్దే వద్దు. నేల ఊడ్చిన పుల్ల, మట్టి, పేడ, పచ్చి గాయం. నికొలయర్ మట్టితో చేసిన ప్రయోగం ఇంట్లో మళ్లీ చేసినట్టు. పుట్టిన బిడ్డల బొడ్డు దగ్గర ఇలాంటి అపరిశుభ్రత వల్లే మన దేశం వేలాది పసిపిల్లల్ని టెటనస్‌కి పోగొట్టుకుంది. టీకాలు, శుభ్రమైన కాన్పుల వల్ల 2015లో తల్లుల్లో, నవజాత శిశువుల్లో ఆ జబ్బుని నిర్మూలన స్థాయికి తెచ్చామని ప్రపంచ ఆరోగ్య సంస్థ ధ్రువీకరించింది. టెటనస్ క్రిమి మట్టిలోంచి ఎక్కడికీ పోలేదు, అదుపులో ఉన్నది మన జాగ్రత్త. అందుకే కుట్టించుకునే ముందు మీ టీకా సంగతి డాక్టర్‌ని అడగండి.

మొత్తం కలిపితే

కుట్టించుకున్నాక ముట్టుకునే ముందు సబ్బుతో చేతులు కడుక్కోండి. రోజుకి ఒకటి రెండుసార్లు స్టెరైల్ సెలైన్. తర్వాత శుభ్రమైన గాజు గుడ్డతో మెల్లగా అద్దండి, తడి నిలవ ఉండొద్దు. తిప్పొద్దు, గిల్లొద్దు, ఆ వైపు పడుకోవద్దు. కొన్నాళ్లు స్విమ్మింగ్ పూల్‌కి, చెరువుకి, నదీ స్నానాలకి దూరం. కొంచెం తెల్లటి రసి, అది ఎండిన పొక్కు మామూలే, కంగారు పడొద్దు. వాపు పెరుగుతూ పోతున్నా, పచ్చటి చీము, వేడి, జ్వరం ఉన్నా అదే రోజు డాక్టర్ దగ్గరికి వెళ్లండి. చెవి పైభాగమైతే ఒక్కరోజు కూడా ఆగొద్దు. భయపడి కమ్మ మీరే పీకేయొద్దు, కన్నం మూసుకుపోతే చీము లోపలే ఉండిపోతుంది. తీయాలా వద్దా అనేది డాక్టర్ చెప్పాలి.

ఈ చరిత్రలో నాకు అర్థమైంది ఒకటే. ప్రతి తరం గాయానికి ఏదో ఒకటి రాయాలని తహతహలాడింది. ఏమీ చేయకుండా కూర్చోవడం మనకి చాలా కష్టం, ముఖ్యంగా అద్దంలో రోజుకి పదిసార్లు కనిపించే గాయం విషయంలో. కానీ మాన్పే పని మందుది కాదు, మన ఒంటిది. మన వంతు ఆ పనికి అడ్డం రాకుండా, మురికి చేరనివ్వకుండా, నెలల తరబడి ఓపిక పట్టడం.

ఇవాళ్టికి ఇంతే. ఒక్క పని చేయండి, ఇంట్లో అమ్మమ్మనో, నాయనమ్మనో అడగండి: నీ చెవులు ఎవరు కుట్టారు, కుట్టాక ఏం పెట్టారు, ఎన్నాళ్లకి మానింది అని. పసుపు రాయాలా వద్దా అని వాదించడం పక్కన పెట్టి ముందు వినండి. ఆ జవాబులు ఏ గ్రంథంలోనూ రాసి లేవు. నాకు రాసి పంపితే ఇంకో ఎపిసోడ్‌లో ముక్కుపుడక కథతో కలిపి చెప్పుకుందాం. ఉంటాను.